అధికారి పనితీరును దెబ్బతీసేది ఏమిటి?

ప్రశ్న: ఒకే అకాడమీలో శిక్షణ పొందిన సైనిక అధికారుల్లో కొందరు యూనిట్‌కు వెళ్లాక వెనకబడతారెందుకు? ఫిట్‌నెస్ లోపమా?

జవాబు: ఫిట్‌నెస్ అవసరమే గానీ, చాలామంది పట్టించుకోనిది నిద్ర. ఏకధాటిగా 17 గంటలు మేలుకుంటే మెదడు పనితీరు రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నప్పటి స్థాయికి పడిపోతుందని ప్రయోగాల్లో తేలింది. ముందుగా దెబ్బతినేది కండబలం కాదు, నిర్ణయశక్తి. మ్యాప్ తప్పుగా చదవడం, పరిస్థితి మారినా పాత ప్లాన్‌నే పట్టుకు వేలాడటం దాని గుర్తులు. తన మెదడు మందగించిందని ఆ అధికారికే తెలియదు, అదీ అసలు ప్రమాదం. అందుకే కమాండర్ నిద్రవేళను కూడా డ్యూటీ చార్టులో రాయాలి. ఆ సమయంలో నిర్ణయాధికారం ఎవరిదో ముందే చెప్పాలి. కునుకు నుంచి లేచిన వెంటనే ఆదేశాలివ్వకూడదు, మత్తు వదలడానికి 15 నుంచి 30 నిమిషాలు పడుతుంది.

రెండోది సమయ పంపకం. చేతిలో 6 గంటలుంటే పై అధికారి ప్రణాళికకు 2 గంటలే వాడుకొని, 4 గంటలు కింది వాళ్లకు వదలాలి. అందమైన స్లైడ్ల కోసం ఆ 4 గంటలూ మింగేసేవాళ్లు అన్ని సైన్యాల్లోనూ ఉంటారు! ఆదేశం ఇచ్చాక “అర్థమైందా?” అని అడిగి లాభం లేదు, ఎలా చేస్తారో వాళ్ల మాటల్లోనే తిరిగి చెప్పించుకోవాలి.

తరచూ బదిలీలు, కుటుంబానికి దూరంగా ఉండటం కూడా ప్రభావం చూపుతాయి. అయితే తప్పును నిర్భయంగా పైకి చెప్పగలిగే యూనిట్‌లో సగటు అధికారి కూడా బాగానే రాణిస్తాడు.