జోగతి, జోగిని, యోగిని

సందేహం: కర్ణాటక జానపద నర్తకి, పద్మశ్రీ మంజమ్మ జోగతిగారి గురించి తెలుగులో రాసిన ఒక వ్యాసంలో ‘ప్రముఖ జోగిని నర్తకి’ అన్నారు. మా మాస్టారేమో ‘యోగిని’ అనేదే శుద్ధరూపం అంటున్నారు. ఏది వాడాలి? ఆమె చిన్ననాటి సంగతులు రాసేటప్పుడు ‘అతడు’ అనాలా?

సమాధానం: ముందు మీ మాస్టారి సంగతి చూద్దాం. మాట మొదట్లోని యకారం ప్రాకృతంలో జకారమై మనదాకా వచ్చింది. యజ్ఞం జన్నమైంది, యముడు జముడయ్యాడు, యౌవనం జవ్వనమైంది, యోగి జోగి అయ్యాడు. యాత్రే జాతర. తద్భవం కనబడగానే పట్టుకొని కడిగేసే అలవాటు ఈమధ్య మరీ ముదిరింది. ఎల్లమ్మ జాతరను ‘ఎల్లమ్మ యాత్ర’ అని దిద్దండి చూద్దాం! యాత్ర అంటే టికెట్లు కొనాలి, జాతర అంటే డప్పు వినబడాలి. యోగి ముక్కు మూసుకొని కూర్చుంటాడు, జోగి జోలెతో మన గుమ్మంలోకి వస్తాడు. ‘జోగీ జోగీ రాసుకుంటే బూడిద రాలింది’ అన్న సామెతలో యోగిని కూర్చోబెడితే నవ్వు రాదు సరికదా, బూడిద కూడా రాలదు. పుట్టుక ఒకటే అయినా ఎవరి బతుకు వారిదే. (నిద్రకు జోగడం వేరే మాట.)

జోగతి కన్నడం మాట. గెళెయకు గెళతి, ఒడెయకు ఒడతి అయినట్టే ఇదీ. మన గొల్లెత లాంటి రూపమే. మగవారిగా పుట్టి, ఎల్లమ్మకు అంకితమై స్త్రీవేషం ధరించేవారిని అక్కడ జోగప్పలంటారు. మంజమ్మగారిది బళ్లారి ప్రాంతం. హులిగెమ్మ గుడిలో మొలతాడు తెంచి, లంగా జాకెట్టు తొడిగి, చేతికి గాజులు వేశారు. కొడుకు చచ్చిపోయినట్టు తల్లి ఏడ్చిందని ఆవిడే చెప్పారు. ఇల్లు వదిలి, బిచ్చమెత్తి, చివరికి కాళవ్వ జోగతి దగ్గర ఆట నేర్చుకున్నారు. అమ్మవారి కొడం (బిందె) తలమీద నిలిపి, పట్టుకోకుండా ఆడే నృత్యమది. పక్కన వాయించే చౌడికె మన బైండ్లవారి జమిడికకు దగ్గరి చుట్టం. గుడి ముంగిట, వీధిలో చిల్లర కోసం ఆడే ఆ ఆటను ఆవిడ వేదిక ఎక్కించారు. 2019లో కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలయ్యారు. ఆ పదవిలో కూర్చున్న మొదటి ట్రాన్స్‌జెండర్ ఆవిడే. 2021 నవంబరులో పద్మశ్రీ అందుకోబోతూ చీరకొంగుతో రాష్ట్రపతికి దిష్టి తీశారు. చాలామంది ఆ వీడియోతోనే ఆవిడను ఎరుగుదురు.

మరి జోగిని? తెలుగునాట ఆ మాటకు దేవుడి పేరు చెప్పి ఊరికి అప్పగించిన ఆడపిల్ల అనే అర్థం స్థిరపడిపోయింది. 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసి నిషేధించిన దురాచారమది. మంజమ్మగారికి ఆ మాట అంటగట్టడం తొందరపాటు. ‘హిజ్రా’ అని అందరినీ ఒకే గాట కట్టడమూ అంతే.

‘అతడు’ విషయంలో వ్యాకరణం కంటే మర్యాద పెద్దది. ఆవిడ తనను ఏమనుకుంటున్నారో అదే రాయండి. చిన్నపిల్లప్పటి కథనంలో ఒకటి రెండు చోట్ల ఇబ్బంది రావచ్చు, కాదనను. అలాంటప్పుడు ‘వెళ్లారు, నేర్చుకున్నారు’ అనే బహువచన క్రియ ఆదుకుంటుంది, అందులో ఆడా మగా తేడా లేదు. కన్నడిగులతో పాటు జోగతి అనే ఉంచండి. తెలుగు చేసి తీరాలని పంతం పడితే జోగురాలు అనొచ్చునేమో గాని, ఆవిడ పేరులో భాగమైన మాటను మార్చే హక్కు మనకెక్కడిది?