గేర్ రాడ్ ‘పి’లోంచి కదలట్లేదు, అసెంబ్లీ మొత్తం మార్చాలా?

మీ ఆటోమేటిక్ కారులో బ్రేక్ తొక్కినా రాడ్ ‘పి’ (పార్కింగ్) దాటట్లేదని, షెడ్డులో కొత్త అసెంబ్లీ, అంటే రాడ్‌తో పాటు దాని కింది యూనిట్ మొత్తం, వేయాలన్నారని రాశారు. డబ్బు పెట్టేముందు ఎవరినైనా కారు వెనక నిలబెట్టి బ్రేక్ తొక్కండి. బ్రేక్ లైట్లు వెలగకపోతే తప్పు రాడ్‌ది కాకపోవచ్చు. పెడల్ దగ్గరి స్విచ్చో ఫ్యూజో పోతే లాక్ సోలనాయిడ్‌కు (రాడ్‌ను ‘పి’లో పట్టి ఉంచే కరెంటు లాక్) కబురు అందదు, అది రాడ్‌ను వదలదు. లైట్లు బాగానే ఉంటే కన్సోల్ మీద చాయో కూల్‌డ్రింకో ఒలికిందేమో చూడండి. చక్కెర ఎండి బటన్‌ను పట్టేస్తుంది, కాంటాక్ట్ క్లీనర్ (కరెంటు భాగాలు శుభ్రం చేసే స్ప్రే) కొడితే వదలొచ్చు.

అసెంబ్లీ మార్చక తప్పదంటే, కింద చెప్పే పద్ధతి రాడ్ నుంచి గేర్‌బాక్స్‌కు కేబుల్ ఉన్న ఆటోమేటిక్‌లకే. ఏఎంటీల్లో (మాన్యువల్ గేర్‌బాక్స్‌లోనే గేర్లు వాటంతటవే మారే రకం) రాడ్ కేవలం స్విచ్, దాని లెక్క వేరు.

చదునైన చోట హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. రాడ్ పక్కన చిన్న మూత ఉంటే అది తీసి, లోపలి మీట నొక్కి రాడ్‌ను ‘ఎన్’ (న్యూట్రల్)లోకి తెచ్చుకోండి. తర్వాత బ్యాటరీ నెగెటివ్ తీసి కనీసం 3 నిమిషాలు ఆగండి. కన్సోల్ కింద ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ ఉండొచ్చు, దాని పసుపు కనెక్టర్ల జోలికి పోవద్దు.

రాడ్ పైనున్న నాబ్ కొన్నింట్లో మరలాగా తిప్పితే ఊడి వస్తుంది, కొన్నింట్లో స్క్రూ గానీ క్లిప్పు గానీ పట్టుకుని ఉంటుంది. బలంగా లాగితే బటన్ లోపలి ముక్కలు విరుగుతాయి. కన్సోల్ తీశాక కేబుల్ చివరను, అది కూర్చున్న గుండ్రటి బాల్ మీద నుంచి తిన్నగా పైకి లేపండి. పక్కకు మెలిపెడితే ప్లాస్టిక్ సాకెట్ చీలిపోతుంది, అప్పుడు కేబుల్ మొత్తం కొనాల్సిందే. బ్రాకెట్ క్లిప్, కనెక్టర్లు, ఆ తర్వాత సాధారణంగా 4 బోల్టులు తీయాలి, 10 లేదా 12 సైజు స్పానర్ చాలు.

సెకండ్ హ్యాండ్ అసెంబ్లీ కోసం ఆటోనగర్ వెళ్తే పాతది చేతిలో పట్టుకెళ్లండి. కొనేముందు సోలనాయిడ్‌కు 12 వోల్టులు ఇప్పించి ‘టిక్’ అంటుందో లేదో వినండి. ఒకే మోడల్‌లోనూ ఏడాదిని బట్టి కనెక్టర్ మారుతుంది.

బిగించడం కంటే కేబుల్ సెట్టింగే అసలు పని. సర్దుబాటు నట్టు వదులు చేసి, గేర్‌బాక్స్ మీది లివర్‌ను ‘పి’ వైపు చివరిదాకా నెట్టి, రెండు నాచ్‌లు వెనక్కి తెస్తే ‘ఎన్’. లోపల రాడ్ కూడా ‘ఎన్’లో ఉంచి, కేబుల్ లాగకుండా నట్టు బిగించండి. ఇది తేడా వస్తే రాడ్ ‘పి’లో ఉన్నట్టు కనిపించినా, లోపల పార్కింగ్ పాల్ (గేర్‌బాక్స్‌ను తిరగకుండా పట్టే కొక్కెం) పడకపోవచ్చు.

ఇంజిన్ ‘పి’, ‘ఎన్’లలో మాత్రమే స్టార్ట్ కావాలి, వెనక తెల్ల లైటు ‘ఆర్’ (రివర్స్)లోనే వెలగాలి. ఆఖరున సెల్లార్ ర్యాంప్ మీద, కింద మనుషులు లేనప్పుడు, ‘పి’లో పెట్టి బ్రేక్ మీద కాలు మెల్లగా తీయండి. కొద్దిగా కదిలి ఆగితే సరే. జారితే వెంటనే బ్రేక్ తొక్కి, కేబుల్ మళ్లీ సెట్ చేయండి, అప్పటిదాకా రోడ్డెక్కించొద్దు.