ఫోన్‌లో చక్కగా ఉన్న లోగో ఫ్లెక్సీ మీద ఎందుకు మసకబారుతుంది? రాస్టర్, వెక్టర్ అంటే ఏమిటి?

మీరు ఇచ్చిన ఫైలు జేపీజీ లేదా పీఎన్‌జీ అయి ఉంటుంది. ఇవి రాస్టర్ బొమ్మలు, అంటే పిక్సెళ్లనే చిన్న చిన్న రంగు చుక్కల వరుసలు. చుక్కల సంఖ్య ముందే ఖాయం కాబట్టి, బొమ్మను సాగదీస్తే ఒక్కో చుక్కా పెద్దదై అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. వెక్టర్‌లో చుక్కలుండవు. గీతలు, వంపులు లెక్కల రూపంలో ఉంటాయి. అందుకే ఎస్‌వీజీ అనే వెక్టర్ ఫైలుగా ఉన్న లోగో విజిటింగ్ కార్డుకైనా హోర్డింగుకైనా ఒకే పదునుతో వస్తుంది. లోగో చేయించుకున్న రోజే వెక్టర్ ఫైలు అడిగి తీసుకోండి. జేపీజీని పీడీఎఫ్‌లో పెట్టినంత మాత్రాన వెక్టర్ అయిపోదు, చాలామంది ఇక్కడే పొరబడతారు.

ఫోటో మాత్రం ఎప్పుడూ రాస్టరే. అక్కడ చూడాల్సింది రిజల్యూషన్, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలున్నాయన్నది. చేతిలో పట్టుకుని చదివే అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. 3.5 × 2 అంగుళాల కార్డుకైతే 1050 × 600 పిక్సెళ్లన్నమాట. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి అంత అక్కర్లేదు.

తెరది ఆర్‌జీబీ, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల కలయిక. అచ్చుది సీఎంవైకే, అంటే సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాల కలయిక. తెర మీద మెరిసే చిలకపచ్చ కాగితం మీద కాస్త మందగించేది అందుకే.

ఇంకో మాట. తెలుగు ఫైలును ప్రెస్సుకు పంపే ముందు అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంట్‌తో పనిలేని వెక్టర్ గీతలుగా మార్చండి. అక్కడ మీ ఫాంట్ లేకపోతే ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. మార్చాక అచ్చుతప్పులు దిద్దడం కష్టం కాబట్టి అసలు ఫైలును విడిగా దాచుకోండి.