ఇంటికో కుంచెడు బియ్యం

చిరంజీవి బాబుకి, మామయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీ అమ్మ ఫోన్ చేసింది. బెంగళూరులో నీ కంపెనీ అమ్మేశావని, ఆ డబ్బుతో మన ఊరి పిల్లల చదువుకి ఏదో పెద్ద పని పెట్టుకున్నావని చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. సంతోషమో భయమో దానికే తెలియలేదు. నా సంగతీ అంతే. ముప్పై నాలుగేళ్లు బడిలో పనిచేసినవాణ్ణి, మా ఇంటి కుర్రాడు బడి దారి పట్టాడంటే గుండె నిండదా? రాత్రంతా అదే తలుచుకుంటూ పడుకున్నాను. తెల్లారేసరికి మాత్రం టెన్షన్ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం. ఫోన్లో అయితే "సరే మామయ్యా" అని పెట్టేస్తావు.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. ట్రస్టు రిజిస్టర్ చేయించు, మంచి ఆడిటర్ని పెట్టుకో. డీఈవో ఆఫీసుకి నువ్వే వెళ్లు, మనిషిని పంపకు. గది కడితే స్లాబు వెయ్యి, రేకులు వద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వైపు ఏం చేసిందో చూసినవాళ్లం. మరుగుదొడ్డి కడితే నీళ్లకీ, కడిగే మనిషికీ కూడా డబ్బు పక్కన పెట్టు.

కొత్త స్కూలు కట్టే ఆలోచన ఉంటే మాత్రం మానుకో. నువ్వు కడితే మంచి స్కూలే కడతావు. దానికి ఊళ్లో కాస్త ఉన్నవాళ్ల పిల్లలు, చురుకైన పిల్లలు వచ్చేస్తారు. ప్రాథమిక బడిలో ముప్పై మందికి ఒక టీచరని చట్టం లెక్క. సర్కారు బడిలో పిల్లలు తగ్గితే పోస్టూ పోతుంది. చివరికి అక్కడ మిగిలేది ఎవరూ పట్టించుకోని పిల్లలే. వాళ్ల కోసం కదా నువ్వు వస్తున్నది! ఉన్న బడిలోకే వెళ్లు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి సర్కారు బడికీ తల్లిదండ్రుల కమిటీ ఉండాలి. చాలాచోట్ల అది సంతకాలకే పరిమితం. ముందు ఆ కమిటీ దగ్గరికి వెళ్లి కూర్చో.

ట్యాబులూ యాపులూ ఇప్పుడే వద్దు. నీకు వచ్చిన విద్య అది, చెయ్యి దానివైపే పోతుందని తెలుసు. మన శ్రీముఖలింగం పక్కన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామ్మూర్తి పంతులుగారిని తలుచుకో. సవర గిరిజనుల పిల్లలకి చదువు చెప్పాలనుకున్నాక ఆయన మొట్టమొదట చేసిన పని, తానే సవర భాష నేర్చుకోవడం. ఆ తర్వాతే వాళ్ల భాషలో పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టారు. నువ్వూ ఒక నెల మూడో తరగతిలో వెనక బల్ల మీద కూర్చో. పాఠం ఎక్కడ తెగిపోతోందో, ఏ గుంట ఎందుకు నోరు మెదపడం లేదో నీకే తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు.

సంక్రాంతి వెళ్లగానే మన పల్లెల్లో సగం ఇళ్లకి తాళాలు పడతాయి. కోతలైపోయాక పనుండదు. హైదరాబాదు, చెన్నైలలో మేస్త్రీల దగ్గరికి పోతారు, పిల్లల్నీ తీసుకుపోతారు. మళ్లీ జూన్ వానలకి రాక. 1998లో నేను హెడ్మాస్టర్ని. ఆ జనవరిలో ఇంటింటికీ తిరిగాను. ఆమదాలవలస స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్న తల్లుల దగ్గరికి కూడా వెళ్లాను. "పిల్లల్ని నా దగ్గర వదలండి. తిండి, పడక, చదువు నేను చూసుకుంటాను. నేనున్నాను కదా" అన్నాను. పద్నాలుగు మంది వదిలారు. బడి వెనక పాత ధాన్యం గదిలో చాపలు వేశాం. వంటకి ఊళ్లోనే ఒకావిడ కుదిరింది. పొద్దున్నే చోడి అంబలి, రెండు పూటలా అన్నం. నెలకి 4,200 రూపాయలు అయ్యేది. పట్నంలో వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి ఇస్తానన్నాడు, ఇచ్చాడు. ఆ ఏడు బాగా నడిచింది.

రెండో ఏడు జనవరి డబ్బు వచ్చింది. ఫిబ్రవరిది రాలేదు. రెండుసార్లు వెళ్లి కలిశాను. "వచ్చే నెల చూద్దాం మాస్టారూ" అన్నాడు. ఆయన ఇబ్బందులు ఆయనకి ఉండి ఉంటాయి. కాగితం మీద రాయించుకోనిది నేనే. అంతకంటే పెద్ద తప్పు ఆ తర్వాత చేశాను. ఎవరికీ చెప్పలేదు. సర్పంచికి గానీ, తోటి టీచర్లకి గానీ, ఇంట్లో గానీ నోరు విప్పలేదు. ఊరందరి ముందు నేనున్నానని అన్న మాట గొంతులో అడ్డం పడింది. కోమటి కొట్లో అప్పు పెట్టాను, నా జీతంలోంచి తీశాను. మార్చి మూడో వారంలో కొట్లో అరువు ఆగిపోయింది. పరీక్షలకి ఇంకా రెండు వారాలుంది. పిల్లల్ని చుట్టాలకి అప్పగించి, తల్లిదండ్రుల దగ్గరికి రైలెక్కించాను. ఏ స్టేషన్‌లో వాళ్లని తీసుకున్నానో అదే స్టేషన్‌లో.

జూన్‌లో తొమ్మిది మంది బడికి వచ్చారు. ఐదుగురు రాలేదు. అందులో ఐదో తరగతి పిల్ల ఒకత్తె, ఇరవయ్యో ఎక్కం దాకా గడగడా చెప్పేది. ఇటుకల పనిలో పడిపోయింది.

వానలు పడ్డాక సర్పంచి నన్ను గట్టు మీద ఆపి అడిగాడు. "ఏటి మాస్టారూ, ఒక్క మాట చెప్పలేకపోయారా? ఇంటికో కుంచెడు బియ్యం పోసేవాళ్లం కదా" అన్నాడు. బాబూ, అది విన్నప్పటి సిగ్గు ఇప్పటికీ తగ్గలేదు.

అందుకే నీ గురించి ఇంత భయం. నువ్వు మంచివాడివి, ఊరంతా నీ మాట నమ్ముతుంది. నాలుగేళ్ల తర్వాత నీకు వేరే కంపెనీ ఆలోచన రావచ్చు, ఒంట్లో బాగోకపోవచ్చు. అప్పుడు ఆ పిల్లలేం కావాలి? మీ బెంగళూరులోనే అజీం ప్రేమ్‌జీగారు ఉన్నారు చూడు. ఏడాదికింత అని చేత్తో ఇచ్చుకుంటూ కూర్చోలేదు. విప్రోలో 67 శాతం వాటా మీద వచ్చే రాబడిని ఫౌండేషన్ పనికే కట్టేశారు. 2019 నాటికి ఆయన ఇచ్చినదంతా కలిపి విలువ లక్షా నలభై ఐదు వేల కోట్లు. ఆ ఫౌండేషన్ పని కూడా ఎక్కువగా సర్కారు బళ్లలో, టీచర్లతోనే. నీది అంత డబ్బు కాదు, పద్ధతి మాత్రం అదే పట్టుకో. ఒక విద్యా వాలంటీరుకి నెలకి 15,000 ఇవ్వాలంటే ఏడాదికి 1,80,000. ఆరు శాతం వడ్డీకి 30 లక్షలు బ్యాంకులో కదలకుండా ఉండాలి. జీతం పెరుగుతుంది కాబట్టి 45 వేసుకో. ఇద్దరికి సరిపడా పెట్టలేకపోతే ఒక్క మనిషినే పెట్టు, ఇద్దర్ని పెట్టకు.

ఊరి వాటా కూడా అడుగు. నీ దగ్గర డబ్బుందని వాళ్ల బియ్యం వద్దనకు. లెక్కలు నెలనెలా బడి గోడ మీద అంటించు. డబ్బు తగ్గిన నెల కూడా అంటించు.

కోడలికి ఇష్టమేనా? అడిగే చేస్తున్నావా? పన్నెండేళ్లు ఆ కంపెనీ కోసం సరిగా నిద్రపోలేదు నువ్వు. మీ అమ్మ నాతో ఎన్నిసార్లు చెప్పుకుందో. ఈ పని కూడా అలా మీద వేసుకుంటే ఊరుకోను, వచ్చి చెవి మెలిపెడతాను. ముందు రెండు వారాలు మా ఇంట్లో ఉండు. అత్తయ్య నీకిష్టమని పనసపొట్టు కూర చేస్తానంటోంది.

ఆ ఎక్కాల పిల్ల ఇప్పుడు ఊళ్లోనే ఉంది. కూతురు అదే బడిలో మూడో తరగతి. దారిలో ఎదురైతే "బాగున్నారా మాస్టారూ" అంటుంది, నేను తలొంచుకుని వచ్చేస్తాను. నువ్వు వచ్చాక మొదట ఆ ఇంటికే వెళ్దాం. చేద్దామనుకున్నదంతా ఆవిడకి చెప్పు, ఆవిడేమంటుందో విను. నీకంటే ముందు నేను ఆవిడతో ఒక మాట చెప్పుకోవాలి. సంక్రాంతికి ముందే రా. పండగ తర్వాత ఆ ఇంటికి తాళం పడుతుందేమో.

మీ మామయ్య