రోమన్ వెండి నాణెం మీద చక్రవర్తి తలపై ముళ్లలా కనిపించేవి ఏమిటి?

అవి ముళ్లు కావు, సూర్యకిరణాలు. ఆ కిరీటం ఉంటే నాణెం రెట్టింపు విలువదని గుర్తు.

రోమ్‌లో చదువురాని వాళ్లు కూడా బొమ్మ చూసి విలువ పోల్చుకోవాలి. అందుకే దెనారియస్ అనే మామూలు వెండి నాణెం మీద చక్రవర్తికి ఆకుల దండ ఉండేది. క్రీ.శ. 215లో కారకల్లా చక్రవర్తి తెచ్చిన కొత్త నాణెం మీద ఆ దండ స్థానంలో కిరణాల కిరీటం వచ్చింది. దీన్ని ఇప్పుడు ఆంటోనినియానస్ అంటున్నాం, రెండు దెనారియస్‌ల కింద లెక్క. ఈ పద్ధతి అప్పటికే ఉంది: దుపోందియస్ అనే ఇత్తడి నాణెం మీద అదే కిరీటం, అది ఆస్ అనే చిన్న నాణేలు రెండింటికి సమానం. రాణులకు కిరీటం బదులు భుజాల కింద నెలవంక వేసేవాళ్లు. కారకల్లా తల్లి జూలియా డొమ్నా నాణేలు చూడండి, పడవలాంటి వంపు స్పష్టంగా ఉంటుంది.

మోసమంతా బరువులో ఉంది. దెనారియస్ సుమారు 3.2 గ్రాములైతే ఆంటోనినియానస్ సుమారు 5 గ్రాములే. అంటే విలువ రెట్టింపు, బరువు మాత్రం ఒకటిన్నర రెట్లే.

చాలామంది పొరపడేది ఇక్కడే: రాగి రంగు బయటపడితే నకిలీ అనుకుంటారు. క్రీ.శ. 260ల చివరికి గాలియెనస్ చక్రవర్తి కాలంలో అసలు నాణెంలోనే వెండి 5 శాతం కూడా లేదు. పైన పలుచని వెండి పూత మాత్రమే ఉండేది. అది ముందుగా ముక్కు, చెంప, జుట్టు లాంటి ఎత్తైన చోట్ల అరిగిపోతుంది.