సీటీ స్కాన్‌లో డోసు లెక్క: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా సీటీ మిషన్ మనిషి లావును బట్టి ఎంఏను (ఎక్స్‌రే ట్యూబ్‌కు ఇచ్చే కరెంటును) తనే సర్దుకుంటుంది. అయినా ఒకే ఒడ్డూ పొడుగూ ఉన్న ఇద్దరికి పొట్ట స్కాన్ తీస్తే డీఎల్‌పీలో (స్కాన్ మొత్తం రేడియేషన్ డోసును చూపే అంకెలో) చాలా తేడా వస్తోంది. ఎందుకండీ?
- రేడియోగ్రాఫర్, ఖమ్మం

జవాబు: ముందు టేబుల్ ఎత్తు చూడండి. స్కౌట్‌లో (అసలు స్కాన్‌కు ముందు తీసే ఎక్స్‌రే లాంటి చిత్రంలో) మనిషి ఎంత వెడల్పుగా పడితే అంత ఎంఏ ఇస్తుంది మిషన్. స్కౌట్ తీసేటప్పుడు ట్యూబ్ పైన ఉండి, టేబుల్ ఎక్కువ ఎత్తులో ఉండి పొట్ట మధ్యభాగం ఐసోసెంటర్ (మిషన్ రంధ్రం నట్టనడుమ) కన్నా పైన పడితే మనిషి ట్యూబ్‌కు దగ్గరై ఉన్నదానికన్నా లావుగా కనబడతాడు. అక్కర్లేని డోసు అక్కడే పడుతుంది. టేబుల్ దిగిపోతే డోసు తగ్గుతుంది కానీ ఇమేజ్‌లో నాయిస్ (చుక్కచుక్కల గరుకు) పెరుగుతుంది. ట్యూబ్ కింద ఉండి స్కౌట్ తీస్తే ఇదంతా తారుమారు. పక్క లేజర్ గీత పొట్ట మందానికి సరిగ్గా సగంలో పడాలి. వీపు కింద దిండో దుప్పటో పెట్టాక మళ్లీ చూసుకోవాలి. చాలామంది వదిలేసేది ఇదే.

తర్వాత చేతులు. ఒకరు తలపైకి ఎత్తి, మరొకరు పక్కన పెట్టి పడుకుంటే తేడా రాక మానదు.

ఇక డీఎల్‌పీ అంటే సీటీడీఐని (మిషన్ ఇచ్చే డోసు తీవ్రతను చూపే ప్రమాణాన్ని) స్కాన్ పొడవుతో గుణించిన అంకె. సీటీడీఐ 10 మిల్లీగ్రే ఉన్నప్పుడు 5 సెంటీమీటర్లు ఎక్కువ తీస్తే 50 కలుస్తుంది. కాంట్రాస్ట్ మందు ఎక్కించే ముందు ప్లెయిన్ (మందు లేని స్కాన్) కూడా తీస్తే డీఎల్‌పీ ఇంచుమించు రెట్టింపు. రాళ్లు, రక్తస్రావం లాంటి కారణం లేనిదే అలవాటుగా ప్లెయిన్ తీయడం తప్పు. ప్రొటోకాల్ గురించి మీ రేడియాలజిస్టుతో మాట్లాడండి.

ప్రశ్న: మా ఆరేళ్ల పాప పొట్ట సీటీ రిపోర్టులో సీటీడీఐ 5 మిల్లీగ్రే అని ఉంది. పాపకు తగిలింది అంతేనా?
- ఒక తల్లి, విజయనగరం

జవాబు: కాదమ్మా. అది పాప ఒంట్లో కొలిచింది కాదు, ఫాంటమ్ అనే ప్లాస్టిక్ దిమ్మెలో కొలిచిన ప్రమాణం. డోసు పేజీలో ఫాంటమ్ 32 సెంటీమీటర్లు అని ఉంటే అది పెద్దల నడుముకు తగ్గ అడ్డుకొలత. ఏఏపీఎం (అమెరికాలోని వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం) 2011లో ఇచ్చిన పట్టిక ప్రకారం, పొట్ట సగటు అడ్డుకొలత 18 సెంటీమీటర్లు ఉన్న పిల్లలకు ఆ అంకెను సుమారు 1.9తో గుణించాలి. అంటే 9.5 మిల్లీగ్రే దాకా. ఫాంటమ్ 16 అని ఉంటే ఉన్న అంకే ఇంచుమించు సరిపోతుంది.

కంగారు పడకండి, అవసరమై తీసిన స్కాన్‌కు ఇది పెద్ద డోసు కాదు. ఆ పేజీని, స్కాన్ సీడీని దాచండి. మళ్లీ ఎవరైనా సీటీ రాస్తే వాటిని చూపించి, అల్ట్రాసౌండ్‌తో తేలుతుందా అని అడగండి. అపెండిక్స్ అనుమానమైతే పిల్లలకు మొదట చేయాల్సింది అదే.