టెక్ సందేహాలు: యాప్ ఏమీ లేదంటోంది, ఎర్ర లైటు మాత్రం ఆరడం లేదు

ప్రశ్న: నా కారు డ్యాష్‌బోర్డులో ఎర్రటి బ్రేక్ గుర్తు ఆరడం లేదు. హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించే ఉంది. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొని ఫోన్‌కు కలిపితే యాప్ ‘లోపాలు లేవు’ అని చూపిస్తోంది. బ్రేక్ ఆయిల్ కాస్త పోస్తే రెండు రోజులు ఆరి, మళ్లీ వెలిగింది. బ్రేకులు బాగానే పడుతున్నాయి. సెన్సర్ పోయిందనుకోవచ్చా?

జవాబు: అనుకోవద్దు. ఆయిల్ పోస్తే ఆరింది, తర్వాత మళ్లీ వెలిగింది అంటున్నారు. అంటే సెన్సర్ తన పని తాను చేస్తున్నట్టే ఉంది, ఆయిలే తగ్గుతోంది. అది ఎటు పోతోందో తేలేదాకా కారు బయటికి తీయకండి.

స్కానర్ డబ్బులు దండగని కాదు గానీ, ఈ పనికి అది పనికిరాదు. చవక స్కానర్లు, వాటితో వాడే ఉచిత యాప్‌లు ఎక్కువగా ఇంజిన్ కంప్యూటర్‌తోనే మాట్లాడతాయి. ‘పి’తో మొదలయ్యే కోడ్‌లు అక్కడివే. బ్రేకులకు సంబంధించిన ‘సి’ కోడ్‌లు ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసే వ్యవస్థ) కంప్యూటర్‌లో ఉంటాయి, అక్కడిదాకా ఇవి సాధారణంగా వెళ్లవు. అదీగాక, చాలా కార్లలో ఈ ఎర్ర లైటును వెలిగించేవి రెండు మామూలు స్విచ్‌లు. ఒకటి హ్యాండ్‌బ్రేక్ లివర్ దగ్గర, రెండోది బ్రేక్ ఆయిల్ డబ్బాలో. డబ్బాలో అయస్కాంతం ఉన్న చిన్న బెండు తేలుతుంటుంది. ఆయిల్ తగ్గితే అదీ దిగుతుంది, స్విచ్ కలుస్తుంది, లైటు వెలుగుతుంది. ఇందులో కోడ్ నమోదయ్యే అవసరమే లేదు. కాబట్టి ‘లోపాలు లేవు’ అన్న యాప్ మాట చూసి ధీమా పడొద్దు.

బ్రేక్ ఆయిల్ ఇంజిన్ ఆయిల్‌లా ఖర్చయ్యేది కాదు. మూత బిగించిన వ్యవస్థ కాబట్టి, మట్టం తగ్గడానికి ఉన్నవి రెండే దారులు. ఒకటి, ప్యాడ్లు అరగడం. ప్యాడ్ పల్చబడేకొద్దీ, దాన్ని డిస్క్‌కు అదిమే కాలిపర్‌లోని పిస్టన్ ముందుకు జరుగుతుంది, దాని వెనక ఖాళీలోకి డబ్బాలోని ఆయిల్ దిగుతుంది. ఇది నెలల తరబడి మెల్లగా జరిగే వ్యవహారం. రెండోది లీకు. మీరు డబ్బా మీది కనీస మట్టం గీత దాటీ దాటనట్టు పోసి ఉంటే మలుపుల్లో ఆయిల్ ఊగి లైటు వెలగొచ్చు. గీతకు బాగా పైదాకా పోసినా రెండు రోజుల్లో తగ్గిందంటే మాత్రం లీకే.

ఇంట్లో చూసుకోగలిగింది ఇది. కారును సమతలంగా నిలిపి, డబ్బా మీద ఇప్పుడున్న మట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టండి. ఇంజిన్ ఆన్ చేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, బ్రేక్ పెడల్‌ను గట్టిగా నొక్కి అలాగే పట్టుకోండి. కాలి కింద అది మెల్లగా కుంగుతూ పోతే బయట ఎక్కడో లీకు ఉంది, లేదా పెడల్ నొక్కితే ఆయిల్‌ను లైన్లలోకి నెట్టే మాస్టర్ సిలిండర్ లోపల సీలు పోయింది. తర్వాత నాలుగు చక్రాల లోపలి వైపూ, పైపుల కీళ్ల దగ్గరా తడి ఉందేమో చూడండి. వెనక డ్రమ్ బ్రేకులైతే తడి డ్రమ్ అడుగున కనిపిస్తుంది. చాలామంది మెకానిక్‌లు కూడా మరిచిపోయే చోటు ఒకటుంది: హైడ్రాలిక్ క్లచ్ ఉన్న మాన్యువల్ కార్లలో చాలావాటికి క్లచ్‌కు, బ్రేకుకు కలిపి డబ్బా ఒక్కటే. క్లచ్ సిలిండర్ కారినా వెలిగేది బ్రేక్ లైటే. క్లచ్ పెడల్ ఈమధ్య మెత్తబడిందేమో గుర్తుచేసుకోండి.

‘బ్రేకులు బాగానే పడుతున్నాయి’ అన్న మాటను నేను పెద్దగా నమ్మను. బ్రేక్ లైన్లను రెండు విడి సర్క్యూట్లుగా పెడతారు, ఒకటి కారినా రెండోది పనిచేస్తుంది. పైగా డబ్బాలో ఆయిల్ ఇంకా ఉండి లైన్లలోకి గాలి చేరనంతవరకు పెడల్‌లో తేడా తెలియకపోవచ్చు.

ఇకమీదట కారణం తేలకుండా పోయకండి. ప్యాడ్లు అరిగి తగ్గినప్పుడు నిండా పోస్తే, కొత్త ప్యాడ్లు వేసే రోజున పిస్టన్లు వెనక్కి నెట్టగానే అంతా పొంగి పెయింట్ పాడుచేస్తుంది. పోయాల్సి వస్తే మూత మీద రాసిన రకమే పోయండి. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 ఒక కుటుంబం. డాట్ 5 మాత్రం సిలికాన్‌ది, పేరు దగ్గరగా ఉందని వాటిలో కలపకూడదు. ఎప్పుడో తెరిచి పెట్టిన సీసా వద్దు, ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగొచ్చు.

మట్టం నిండుగా ఉండి కూడా లైటు వెలిగితే అప్పుడు స్విచ్‌లను అనుమానించాలి. హ్యాండ్‌బ్రేక్ లివర్‌ను కిందికి అదిమితే లైటు ఆరిందా, అక్కడి స్విచ్ సర్దుకుంటే చాలు.

ప్రశ్న: నా కారులో ఎర్ర బ్రేక్ లైటు, పసుపు ఏబీఎస్ లైటు రెండూ కలిసి వెలుగుతున్నాయి. ఇదీ ఆయిలేనా?

జవాబు: ముందు ఆయిల్ మట్టం చూడండి. అది సరిగ్గా ఉంటే ఇది వేరే కథ. రెండూ కలిసి వెలిగితే చాలా కార్లలో ఏబీఎస్‌తో పాటు ఈబీడీ కూడా ఆగిందని అర్థం. ముందు వెనక చక్రాలకు బ్రేక్ బలాన్ని పంచేది అదే. అది లేకుండా గట్టిగా బ్రేక్ వేస్తే వెనక చక్రాలు ముందే బిగుసుకుని బండి తిరగొచ్చు. చక్రాల దగ్గరి స్పీడ్ సెన్సర్లు, వాటి వైర్లు, బ్యాటరీ వోల్టేజీ తగ్గడం వంటివి కారణాలు కావచ్చు. ఇక్కడ మాత్రం స్కానర్ కావాలి, అదీ ఏబీఎస్ కోడ్‌లు చదివేది. కొనేముందు మీ మోడల్‌లో ఏబీఎస్ చదువుతుందో లేదో తయారీదారు ఇచ్చిన జాబితాలో చూసుకోండి.